చాటింపు విననివాడి తిరుపతి డైరీ

బుధవారం

మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకి మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. ఆ వేళకి ఊళ్ళో ఉన్నవాళ్ళు జాతర ముగిసేదాకా పొలిమేర దాటకూడదని కట్టు. లెక్కల మాస్టారుగా రిటైరైన మా బావ ఈ కట్టు తప్పడు. అక్క మాత్రం దీన్ని ఆయన బద్ధకానికి అమ్మవారు ఇచ్చిన సెలవు చీటీ అంటుంది. విజయవాడ నుంచి నా రైలు తెల్లవారాక గానీ తిరుపతి చేరలేదు కాబట్టి ఈ కట్టు నాకు వర్తించదని బావే తేల్చాడు. "నువ్వు వినలేదు గదప్పా, యాడికన్నా పో. పొద్దుగూకేలోగా వచ్చి ఏం చూసినావో నాకు చెప్పు."

స్టేషన్ నుంచి బైరాగిపట్టెడ వస్తుంటే సిగ్నల్ దగ్గర ఆటో పక్కన ఒక స్కూటరు ఆగింది. నడిపే కుర్రాడు నడుముకి పంచె బిగించి, వెంట్రుకల దగ్గర్నుంచి కాలి వేళ్ళ దాకా తెల్లటి సుద్ద పూసుకున్నాడు. చేతిలో వేపమండ. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించి, "పది నిమిషాల్లో వస్తా సార్, ఫైలు టేబుల్ మీదే ఉండాది" అంటున్నాడు. జాతరలో మొక్కుకున్నవాళ్ళు రోజుకో వేషం వేస్తారు, ఈ రోజు బైరాగి వేషం. గ్రీన్ పడింది, వెళ్ళిపోయాడు. మా ఆటో డ్రైవరు అటు చూడను కూడా చూడలేదు.

పేపర్లో లోపలి పేజీ మూలన డబ్బా కట్టి వేసే వింత వార్తలే నేను ముందు చదువుతాను. చదివి ఊరుకోను, పక్కవాళ్ళకి వినిపిస్తాను. మా ఇంట్లో వినేవాళ్ళు ఎప్పుడో అయిపోయారు గనక ఆ సరుకంతా తిరుపతికి మోసుకొచ్చాను. టిఫిన్ దగ్గర మొదలుపెట్టాను. 2024 నవంబరులో న్యూయార్క్ వేలంలో, గోడకి టేపుతో అంటించిన ఒక్క అరటిపండు 62 లక్షల డాలర్లకి పోయింది. ఇటలీ కళాకారుడి సృష్టి. కొన్నాయన కొద్దిరోజులకే పది మందిని పిలిచి వాళ్ళ ముందు దాన్ని వలిచి తినేశాడు.

"తినక? కుళ్ళబెట్టుకుంటాడా?" అన్నాడు బావ.

అక్క దోసె తిరగేస్తూ, "ఆ టేపు ఊడదీస్తే గోడకి సున్నం లేచొస్తుంది. అది ఎవరు వేయిస్తారంట?" అంది. అద్దెకి ఇచ్చిన రెండు పోర్షన్ల యజమానురాలు మరి.

ఊరుకోకుండా స్పెయిన్‌కి వెళ్ళాను. బునోల్ అనే ఊళ్ళో ఏటా ఆగస్టు చివరి బుధవారం జనం వీధుల్లోకి వచ్చి ఒకరినొకరు టమాటాలతో కొట్టుకుంటారు. జనం తాకిడి తట్టుకోలేక 2013 నుంచి టికెట్ కూడా పెట్టారు. ఈసారి బావ కాస్త ఆలోచించాడు. మదనపల్లె మార్కెట్టు ఇక్కడివాళ్ళకి ఇంటి సంగతే. 2023 జులైలో కిలో 150 రూపాయలు దాటినప్పుడు తోటల్లో రాత్రిళ్ళు కాపలా పడుకున్నారు. ధర లేని ఏడు అవే కాయలు ట్రాక్టర్లతో తెచ్చి రోడ్డు మీద గుమ్మరిస్తారు.

"రోడ్డు మీద పోస్తే మాకు నష్టం, మనిషి మీద పోస్తే వాళ్ళకి పండగ" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

సాయంత్రం గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట వైపు నడుస్తుంటే సుద్ద పూసుకున్న ఏడేళ్ళ పిల్లాడొకడు దారికి అడ్డం నిలబడి నన్నో మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయలేను. వెనకాలే వాళ్ళమ్మ నవ్వుతూ వచ్చి, "ఏమనుకోవద్దన్నా, ఈ వారం తిడితే మంచిదే" అంది. జాతరలో వేషం వేసినవాళ్ళ తిట్టు దీవెన కింద జమ. ఉచ్చారణలో తప్పుందని వాళ్ళమ్మ వాడి చేత మళ్ళీ చెప్పించింది.

గురువారం

ఈ రోజు బండ వేషం. నిన్న తెల్లగా తిరిగిన ఊరు ఇవాళ కుంకుమ పూసుకుని ఎర్రగా తిరుగుతోంది. నేను అలిపిరి దగ్గర బస్సెక్కి కొండకి పోయాను. దర్శనం, క్యూ, లడ్డు గురించి కొత్తగా రాయడానికి ఏమీ లేదు. 2009లో లడ్డుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ, ఇంకెవరూ తిరుపతి లడ్డు అని పేరు పెట్టి అమ్మకూడదనీ మాత్రం చెప్పి వదిలేస్తాను. క్యూలో నా ముందున్నాయన చంద్రయాన్ సంగతి ఎత్తాడు. 2023 జులై 14న చంద్రయాన్-3 ఎగరడానికి ముందురోజు ఇస్రో శాస్త్రవేత్తలు దాని చిన్న నమూనా చేతబట్టుకుని కొండకి వచ్చి స్వామి పాదాల దగ్గర పెట్టించారు. అప్పట్లో టీవీల్లో దీని మీద పెద్ద చర్చ నడిచింది. "కొత్త మోటార్ సైకిల్ కొన్నా పూజ చేయిస్తాం గదా, అది అంతకన్నా ఖరీదు" అన్నాడాయన. చర్చలో కూర్చున్న పెద్దలెవరికీ ఈ వాదన తట్టలేదు.

నేను ఎక్కువసేపు నిలబడింది కల్యాణకట్ట బయట. నాలుగేళ్ళ పాప తల్లి చంకలో ఉంది. తండ్రి గుండు చేయించుకుని, నెత్తికి చందనం రాసుకుని ఎదురుగా వచ్చి చేతులు చాపాడు. పాప కెవ్వుమంది. ఆయన పేరు పెట్టి పిలిచాడు. గొంతు నాన్నది, తల ఎవరిదో. పాప ఆ గొంతు వినిపించినప్పుడల్లా ఏడుపు ఆపుతుంది, తల చూసి మళ్ళీ మొదలుపెడుతుంది. చివరికి ఆయన వెనక్కి తిరిగి నిలబడి మాట్లాడాడు. అలా అయితే పాపకి అభ్యంతరం లేనట్టుంది, వీపు మీద చెయ్యి వేసింది. పక్కన మైకులో తప్పిపోయినవాళ్ళ పేర్లు తెలుగులో, తమిళంలో, కన్నడంలో, హిందీలో వస్తూనే ఉన్నాయి. పొద్దున ఇంట్లోంచి బయల్దేరిన మనిషీ ఇప్పుడు వెతకాల్సిన మనిషీ ఒకేలా లేనప్పుడు మైకు మాత్రం ఏం చేస్తుంది?

ఆ తలనీలాల సంగతి రాత్రి అన్నాల దగ్గర ఎత్తాను. నా మూటలో అన్నిటికన్నా గట్టి వార్త ఇదే, బావ ఈసారైనా నోరు తెరుస్తాడని దాచుకున్నాను.

దేవస్థానం ఈ జుట్టుని వేలం వేస్తుంది. అందులో చాలా భాగం విదేశాలకి పోయి విగ్గులవుతుంది. యూదుల్లో సనాతనుల ఇళ్ళల్లో పెళ్ళయిన ఆడవాళ్ళు సొంత జుట్టు పరాయివాళ్ళకి కనపడనివ్వరు. చాలామంది విగ్గు పెట్టుకుంటారు, అదీ మనిషి జుట్టుతో చేసిన ఖరీదైన విగ్గు. 2004లో ఎవరికో అనుమానం వచ్చింది, ఈ జుట్టు గుడిలో దేవుడికి సమర్పించింది కదా, మరి విగ్రహారాధనకి సంబంధించిన వస్తువు మనం వాడొచ్చా అని. తేల్చుకోవడానికి లండన్ నుంచి ఒక మత గురువు తిరుమల దాకా వచ్చి, ఇక్కడ గుండ్లు కొట్టే తీరు చూసి వెళ్ళాడు. ఆ మే నెలలో జెరూసలేం పెద్ద గురువు ఎల్యాషివ్ వాడకూడదని తీర్పు ఇచ్చాడు. ఇంకేముంది! న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వీధుల్లో, ఇజ్రాయెల్‌లో మంటలు వేసి, వేల డాలర్ల విగ్గులు తెచ్చి అందులో పడేశారు.

చెప్పడం ముగించి బావ మొహం చూశాను. మజ్జిగ కలుపుకుంటున్నాడు.

అక్క మాత్రం చెయ్యి ఆపేసింది. "అయితే ఆ మొక్కు చెల్లినట్టా, చెల్లనట్టా?"

"కత్తి పడినప్పుడే చెల్లింది" అన్నాడు బావ. "ఆ పైన అది ఎవరి నెత్తికెక్కితే మనకేంది? అయినా వాళ్ళు చేసిందాంట్లో తప్పేముంది? కనుక్కోవడానికి అంత దూరం నుంచి మనిషిని పంపినారు. మనోళ్ళైతే వాట్సాప్‌లో వచ్చిందని తగలబెట్టేసుంటారు."

నాకు తెలిసి ఆ సంఘటన మీద ఇంతకన్నా మర్యాదగా ఎవరూ మాట్లాడలేదు.

శుక్రవారం

బయట తోటి వేషం, అంటే ఒంటికి బొగ్గు. నేను కాణిపాకం బస్సులో. దారిలో చంద్రగిరి కోట కిటికీలోంచే చూశాను. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఇదొకటి. 1639లో ఇంగ్లీషువాళ్ళకి మద్రాసు నేల దక్కిన కథలో చంద్రగిరి రాజు పేరు వస్తుంది. "ఊరు రాసిచ్చింది మేము, ఇప్పుడు చదువుకి ఆ ఊరికే పోయి ఫీజులు కడతా ఉండేదీ మేమే" అని బావ పొద్దునే చెప్పి పంపాడు.

పక్క సీట్లో మామిడి రైతు. ఒళ్ళో ఉన్న పేపరు మడత విప్పకుండానే జిల్లా వార్తలన్నీ చెప్పగల మనిషి. 2025 జూన్‌లో కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకూడదని ఆర్డరు వేసి, సరిహద్దులో చెక్‌పోస్టుల దగ్గర లారీలు ఆపారు. ఇక్కడి గుజ్జు ఫ్యాక్టరీలకి ఇక్కడి కాయే ఎక్కువై ధర పడిపోతోందని. దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. రెండు ప్రభుత్వాల మధ్య మామిడికాయ! నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగాను. ఆ ఏడు ఆయన కాయలు ట్రాక్టర్లో ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు నిలబడ్డాయట. "ఎండకి కింది వరస మెత్తబడిపోయింది సార్. దించేసరికి చక్రాల కింద రసం కారతా ఉండింది." ఆ వార్త నేను అప్పట్లో విజయవాడలో చదివి, పక్కవాళ్ళకి వినిపించినవాణ్ణే. దాంట్లో ఈ కారిన రసం లేదు.

కాణిపాకం వినాయకుడు బావిలో వెలిశాడు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడని నమ్మకం. 1945లో ఒక భక్తురాలు చేయించిన వెండి కవచం ఇప్పుడు స్వామికి పట్టదని చెబుతారు. అంతకన్నా పేరుమోసింది ఇక్కడి ప్రమాణం. కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేస్తే స్వామి ఊరుకోడని ఈ సీమంతా భయం. రాజకీయ నాయకులు ఒకరి మీద ఒకరు ఆరోపణలు చేసుకుని చివరికి "దమ్ముంటే కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం" అంటుంటారు. ఈ సవాలు పేపర్లో వచ్చినన్నిసార్లు ప్రమాణం జరిగిందన్న వార్త వచ్చిందా అంటే, మీరే చెప్పండి.

మామూలు జనం మాత్రం నిజంగానే వస్తారు, ఎక్కువగా తాగుడు మానడానికి. నా ముందు ఒక జంట. ఆయనకి నలభై దాకా ఉంటాయి, తడి పంచె, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఎడం చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది, ఎక్కడికీ పోకుండా. ప్రమాణానికి ముందు ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"బీరు కూడానా?"

"అదీ."

"పండక్కి?"

ఆవిడ జవాబు చెప్పకుండా గర్భగుడి వైపు చూపించింది, ఆయన్నే అడుగు అన్నట్టు. ఆయన అటు చూశాడు, కాసేపు తల వంచుకున్నాడు, తర్వాత అడగలేదు. బయటికొచ్చాక ఇద్దరూ బెల్లం పొంగలి దొన్నె పంచుకుని తింటుంటే చూశాను. ఆవిడ మొహంలో గెలుపు లేదు. ఆయన మొహంలో మాత్రం, ఏడాది నోటీసు ఇచ్చి ఇల్లు ఖాళీ చేయిస్తామన్నవాళ్ళకి అప్పటికప్పుడే సామాను సర్దమన్నప్పుడు ఉండే దిగులుంది.

రాత్రికి బావకి చెప్పాను. "పండక్కి అని అడిగినాడు చూడు, వాడు నిలబడతాడు. ఏమీ అడక్కుండా సరే అనేవోడే ఇంటికి పోయే లోపల తాగేది" అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లల సాకులు విన్న అనుభవం.

శనివారం

కింది పోర్షన్‌లో అద్దెకుండే వాళ్ళబ్బాయి క్రికెట్ ఆడుతూ పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎక్స్‌రే తీయించి, దాన్ని పట్టుకుని పుత్తూరు బయల్దేరారు. చాటింపు విన్న కుటుంబం పొలిమేర దాటొచ్చా అన్న సందేహానికి బావ వరండాలో నిలబడి తీర్పు చెప్పాడు. "ఎముక విరిగినోళ్ళకి చాటింపు లేదు. పోయి పొద్దుండగానే వచ్చేయండి." నేనూ కారెక్కాను.

పుత్తూరు కట్టు పేరు దక్షిణాదిలో వినని ఊరు ఉండదు. రాచపాళెంలో ఒక కుటుంబం తరతరాలుగా వేస్తున్న కట్టు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలు, గుడ్డ. చదువుకున్న డాక్టర్లకి దీని మీద అభ్యంతరాలున్నాయి, విన్నాను. వరసలో కూర్చున్న వాళ్ళలో సగం మంది చేతిలో మాత్రం ఆస్పత్రి ఎక్స్‌రే కవర్లున్నాయి. వాళ్ళకి రెండూ కావాలి.

అక్కడ కూర్చుంటే ఎవరు ఎలా పడ్డారో వినడమే కాలక్షేపం. ఒకాయన చింతచెట్టు మీంచి. ఒకావిడ వానకి కాదు, కళ్ళాపి చల్లిన తన వాకిట్లోనే. ఒక కాలేజీ కుర్రాడు సంక్రాంతికి రంగంపేట పశువుల పండగలో మొదటిసారి, ఇప్పుడు మెట్ల మీద రెండోసారి. చంద్రగిరి దగ్గర ఆ ఊళ్ళో ఎద్దుల కొమ్ములకి పలకలు కట్టి వదులుతారు. పలకల మీద దేవుళ్ళు, సినిమా హీరోలు, నాయకుల బొమ్మలు. పరుగెత్తే ఎద్దుని ఆపి పలక ఊడబెరుక్కున్నవాడిది పలక. "ఎవరి బొమ్మకి పోయినావు?" అని చింతచెట్టాయన అడిగాడు. కుర్రాడు హీరో పేరు చెప్పాడు. "దొరికిందా?" "చెయ్యి విరిగింది గానీ పలక వదల్లేదు. ఇంట్లో ఉండాది."

నేనూ నా వంతుగా న్యూజిలాండ్ వార్త తీశాను. అక్కడ ఏటా ఈ ఏటి మేటి పక్షి ఏదో ఆన్‌లైన్‌లో ఓట్లు వేసి ఎన్నుకుంటారు. 2020లో ఒక కివి పిట్టకి ఎవరో రాత్రికి రాత్రి 1,500కి పైగా దొంగ ఓట్లు గుద్దేశారు. దొరికిపోయి, తీసేశారు. 2021లో గెలిచింది గబ్బిలం. అది పక్షే కాదు.

వరసంతా నా వైపు తిరిగింది. పిట్టల ఎన్నికలు జరుగుతాయన్నదానికి ఎవరూ ఆశ్చర్యపోలేదు. "గబ్బిలానికి నామినేషన్ ఎవరేసినారు?" అని ఒకరు. "ఓడిపోయిన పిట్టలు కోర్టుకి పోలేదా?" అని ఒకరు. కాలుకి కట్టున్న పెద్దాయన అన్నీ విని, "దొంగ ఓట్లు అక్కడా ఉండాయా, అయితే పర్లేదు" అని కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం ఊళ్ళో దొర వేషాలు, ఒంటికి గంధం, చేతిలో వేపాకు. ఆడవాళ్ళని చెరబట్టే పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కుంటే, వాణ్ణి వెతకడానికి ఆమె రోజుకో వేషం వేసిందంటారు. దొర వచ్చాడనుకుని వాడు బయటికొచ్చింది ఈ రోజే. తల తెగింది. అందుకే ఇవాళ డప్పుల జోరు మరీ ఎక్కువ, నిద్ర తక్కువ.

ఆదివారం

మాతంగి వేషం. పాలెగాడి భార్యని ఓదార్చడానికి గంగమ్మ ఈ వేషంలో వెళ్ళిందని చెబుతారు. ఈ రోజు మగవాళ్ళు చీర కట్టుకుంటారు. ఊరికే ఒక గుడ్డ చుట్టుకోవడంతో సరిపోదు. పట్టుచీర, వడ్డాణం, జడ, జడగంటలు, కాటుక, నిండా పూలు.

మా మేనల్లుడు చరణ్ బెంగళూరులో సాఫ్ట్‌వేర్. లీవు పెట్టి, సోమవారమే వచ్చి చాటింపు దగ్గరుండి విన్నాడు. పొద్దున ఆరింటికే అద్దం ముందు బొమ్మలా నిలబడ్డాడు. అక్క నోట్లో పిన్నీసులు పెట్టుకుని కుచ్చిళ్ళు పెడుతోంది. మూడు సార్లు పెట్టింది, మూడుసార్లూ వీడు ఊపిరి పీల్చాడు, జారిపోయాయి.

"పొట్ట లోపలికి పెట్టు."

"ఎంతసేపు మా?"

"సాయంత్రం దాకా. మేం పెట్టుకోవడంలా?"

భుజం దగ్గర పిన్ను గుచ్చుకుంటే వాడు అరిచాడు. అక్క ఓదార్చలేదు. "ఇంకా మూడుండాయి" అంది. వడ్డాణం పెట్టాక వాడు వంగి చెప్పు తొడుక్కోలేకపోయాడు, బావ వంగి తొడిగాడు. మీసం తియ్యలేదు. ఈ వేషానికి మీసం అడ్డు కాదు. వీధిలోకి వెళితే ఎదురింటి బ్యాంకు ఉద్యోగి ఆకుపచ్చ చీరలో, చివరింటి మెడికల్ షాపాయన ఎరుపులో. ముగ్గురూ నిలబడి ఎవరి బ్లౌజు ఎక్కడ కుట్టించారో మాట్లాడుకున్నారు. మొక్కు మొక్కే, కొలతలు కొలతలే.

పేపరు తిరగేశాను. వింత వార్తల డబ్బాలో ఎక్కడిదో విదేశీ పిల్లి కథ వేశారు. జాతర మాత్రం నగరంలో నేటి కార్యక్రమాల కింద, ఏ వార్డుకి ఎన్నింటికి నీళ్ళు వదులుతారో చెప్పే వరస పక్కన ఉంది. బావకి చూపించాను. "సరిగ్గానే వేసినారే" అన్నాడు.

సాయంత్రం నా రైలు. ఆటోలు దొరకలేదు. చరణ్ గుడి దగ్గర మొక్కు తీర్చుకుని వచ్చి అక్క స్కూటరు తీశాడు. చీర కుచ్చిళ్ళు ముందు పోగేసి, కొంగు నడుముకి దోపి, మల్లెపూల జడ నా మొహాన కొడుతుండగా స్టేషన్ వైపు పోయాం. మలుపు దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, హెల్మెట్ యాడ?"

"జడకి పట్టడంలా సార్."

"జడ తీసి పెట్టుకో."

"జడ తీస్తే వేషం పోతుంది సార్."

కానిస్టేబుల్‌కి ఈ వాదన న్యాయంగానే తోచినట్టుంది. కాసేపు ఆలోచించి, అయినా డ్యూటీ డ్యూటీయే కాబట్టి ఫోను తీశాడు. ఫొటో తీసేముందు చరణ్ కొంగు సర్దుకున్నాడు.

రైలు రేణిగుంట దాటకముందే అక్క ఫోను. చలానా మెసేజి ఆవిడకే వెళ్ళింది, బండి ఆవిడ పేరు మీదే ఉంది.

"ఫొటోలో బండి నాది. చీర నాది. వడ్డాణం నాది. మొహం సగం పూలు కప్పేసినాయి. మీ బావ చూసి, 'నువ్వు ఈ వయసులో హెల్మెట్ లేకుండా యాడికి పోయినావు' అంటా ఉండాడు. వెనకాల కూర్చున్నది నువ్వేనని గూడా ఒప్పుకోవడంలా!"

వెనకనుంచి బావ గొంతు వినిపించింది. "మీసం కనపడేటట్టు తీయమని చెప్పాల్సింది గదప్పా!"